గ్రీకు కచేరీ గురించి మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి,
మావయ్య ఆశీస్సులు.

మీ అత్తగారి గ్రీకు సంఘం వాళ్లు వృద్ధాశ్రమానికి విరాళాల కోసం కచేరీ పెడుతున్నారనీ, పని నీ నెత్తిన పడిందనీ మీ అమ్మ చెప్పింది. మెల్‌బోర్న్‌లో మన ఉగాది స్టేజీలు చాలా నడిపాను కదా, తోచినవి రాస్తున్నాను.

ముందు తేదీ. మార్చి 25 గ్రీకు స్వాతంత్ర్య దినం, ఆ వారమే పెడదామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. ఆర్థడాక్స్ ఈస్టర్‌కు ముందొచ్చే పెద్ద ఉపవాసంలోనే ఆ రోజు పడుతుంది. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు అప్పుడు ఆటపాటలకు రారు. వాళ్లు లేకుండా ఈ కచేరీ ఎందుకు? అక్టోబరు 28 దగ్గరి శనివారం చూడండి. 1940లో ఇటలీ నియంత ముస్సోలినీ హెచ్చరికకు గ్రీసు తలవంచని రోజది. ఇక్కడ వసంతం కూడా.

బ్యాండు మాట్లాడే ముందు చర్చి హాల్లో యాయాల దగ్గర, అంటే బామ్మల దగ్గర, కూచో. మీ ఊళ్లో పెళ్లికి ఏం పాడేవారు, ఏ ఓడలో వచ్చారు అని అడుగు. కార్యక్రమం వాళ్ల జవాబుల్లోంచే రావాలి. గ్రీకు సంగీతం అంటే బుజూకి అనే తీగవాద్యం ఒక్కటే కాదమ్మా. క్రీటు ద్వీపం వాళ్లకు లీరా, అంటే కమానుతో వాయించే చిన్న వాద్యం; వాయవ్య గ్రీసులోని ఎపిరస్ వాళ్లకు క్లారినెట్. నల్లసముద్ర తీరపు పొంటోస్ వాళ్ల లీరా వేరు, ఆటలో అడుగూ వేరు. 1922లో టర్కీతో యుద్ధం ఓడాక ఆసియా మైనరు, అంటే ఇప్పటి టర్కీ, నుంచి కట్టుబట్టలతో వచ్చి ఏథెన్స్ పక్క పిరేయస్ రేవులో తలదాచుకున్న వాళ్ల బతుకుల్లోంచి రెబెతికో అనే పాటల బాణీ పెరిగింది. ఇక్కడ ద్వీపానికో సంఘం ఉంది. ఎవరి పాట తప్పిపోయినా ఆ బల్ల మొత్తం మొహం మాడ్చుకుంటుంది. కోస్తా, సీమ, తెలంగాణ లెక్కలు చూసినదానివి, నీకు వేరే చెప్పాలా!

హాల్లో వరసకుర్చీలు వద్దు. చుట్టూ బల్లలు, మధ్యలో ఆడే చోటు. చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే కలమతియానోస్‌కు ఏడు మాత్రల నడక, మన మిశ్రచాపు తాళమే. నేర్చుకున్న సంగీతం ఊరికే పోదు, వెళ్లి వాళ్ల చేయి పట్టుకో. జెబెకికో అనే ఆట మాత్రం ఒక్కరే ఆడేది. మనసులో బరువున్నవాడు లేస్తాడు, మిగతావాళ్లు చుట్టూ మోకాళ్ల మీద కూచుని చప్పట్లు కొడతారు. అప్పుడు మధ్యలోకి పిల్లల్నీ, కెమెరావాణ్నీ పోనివ్వకు. బయటివాళ్లు అడిగే సిర్తాకి ఆట చివర్లో పెట్టు; అది 1964లో ఒక సినిమా కోసం కూర్చినది, ఏ ఊరి ఆటా కాదు.

తెర మీద ఫొటోలు వెయ్యండి. 1952లో గ్రీసు, ఆస్ట్రేలియాల వలస ఒప్పందం తర్వాత వచ్చినవాళ్లు, పత్రిస్ ఓడ దిగి మెల్‌బోర్న్ రేవులో స్టేషన్ పియర్ మీద నిలబడ్డవాళ్లు, కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు. కింద పేరు, ఊరు, సంవత్సరం చాలు. నాయకుల ప్రసంగాలు రెండు నిమిషాలు దాటితే మైకు తీసుకో, నా పేరు చెప్పు.

ఇక డబ్బు. హాలు, బ్యాండు ఖర్చు స్పాన్సర్ల మీద వెయ్యండి. అప్పుడే టికెట్ డబ్బు ఆశ్రమానికి మిగులుతుంది. ఆట జోరు మీద ఉన్నప్పుడు జనం వాయించేవాళ్ల పైకి నోట్లు విసురుతారు. ఆనవాయితీగా అవి కళాకారులవే. వాటిని విరాళంలో కలపాలనుకుంటే ముందే వాళ్లతో మాట్లాడి, పారితోషికం సరిగా ఇవ్వండి. ఆ రాత్రి అడిగితే గొడవే. రాఫిల్ (లక్కీడ్రా) టికెట్లకు పన్ను మినహాయింపు రాదు, వస్తుందని ఎవరికీ చెప్పొద్దు.

డబ్బు ఎందుకో భోజనాలకు ముందే చెప్పించు. మతిమరుపు జబ్బు ముదిరితే చాలామందికి తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు పోతుంది, చిన్ననాటి గ్రీకు మిగులుతుంది. దాహమేస్తోందని చెప్తే అర్థం చేసుకునే నర్సు కావాలి కదా. ఈ మాట ఆశ్రమంలో పనిచేసే అమ్మాయి చేతే చెప్పించు, కమిటీ అధ్యక్షుడి చేత కాదు.

పెద్దవాళ్ల బల్లలు స్పీకర్లకు దూరంగా వెయ్యి. వినికిడి మెషీన్లు పెట్టుకున్నవాళ్లకు ఆ మోత నరకం. లెక్కలు వారంలోపు గ్రీకు, ఇంగ్లీషు రెండింట్లో అచ్చువేసి చర్చి దగ్గర అంటించండి. హాలు కొటేషన్ వస్తే నాకు పంపు, బేరం నేను చూస్తా.

ఇట్లు,
మీ మావయ్య