ఎనిమిది మంది, తలా 60 వేలు, థాయ్‌లాండ్: టెన్షన్ మీ ఒక్కరి మీదే పడకుండా ఏం చేయాలి

మీరు అడిగింది ఇదీ: కాలేజీ స్నేహితులు ఎనిమిది మంది డిసెంబర్‌లో థాయ్‌లాండ్ వెళ్లాలనుకున్నారు, తలా 60 వేలు దాటకూడదు. ఏర్పాట్లన్నీ మీ నెత్తినే పడ్డాయి. ఏం అడిగినా "నీ ఇష్టం, నువ్వే ఫిక్స్ చెయ్" అంటున్నారు, ఫిక్స్ చేశాక "ఇంతెందుకైంది?" అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, మానేయాలా?

మానేయకండి. మా పిన్ని పిల్లలు, పెదనాన్న పిల్లలు కలిసి బ్యాంకాక్, దక్షిణాన సముద్రతీరంలో ఉండే క్రాబీ వెళ్లినప్పుడు ఏర్పాట్లు నేనే చూశాను. టికెట్లు, హోటళ్లు ఓపిగ్గా కూర్చుంటే తెమిలిపోతాయి. మనకి నిద్ర లేకుండా చేసేది డబ్బు సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పకపోవడం.

ఆ 60 వేలు ఎవరో ఒకరు గ్రూపులో అని ఉంటారు, మిగతావాళ్లు సరే అని ఉంటారు. వాళ్లలో ఒకరికి అది రెండు నెలల మిగులు కావచ్చు, ఇంకొకరికి ఏడాది పొదుపు కావచ్చు. నలుగురిలో ఆ మాట చెప్పాలంటే మొహమాటం. మావాళ్లలో ఒక తమ్ముడు చూపించిన ప్రతి హోటల్‌కీ ఏదో వంక పెడుతుంటే అందరూ విసుక్కున్నారు. నేను విడిగా ఫోన్ చేసి "నిజం చెప్పు, ఎంతైతే నీకు ఇబ్బంది లేదు?" అని అడిగితే గాని విషయం బయటికి రాలేదు. ఎవరికో హామీ సంతకం పెట్టి, ఆ అప్పు తను కడుతున్నాడు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వాడు చెప్పిన అంకెకే మొత్తం ప్లాన్ దించాను. మిగతావాళ్లు ఒక్కరూ బాధపడలేదు.

మీరూ ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి. అందరిలో తక్కువ చెప్పినవాళ్ల అంకే మీ బడ్జెట్. సగటు తీయకండి. తీస్తే ఒకరిద్దరు అప్పు చేసి వస్తారు, లేదంటే ఆఖరి నిమిషంలో ఏదో కారణం చెప్పి ఆగిపోతారు.

రెండోది, డబ్బు ముందు, బుకింగ్ తర్వాత. "నీ కార్డు మీద చేసెయ్, తర్వాత లెక్క చూసుకుందాం" అన్నవాళ్లు ఎంత మంచివాళ్లైనా ఒప్పుకోకండి. బాకీ మీకు, బెంగా మీకే. ఒక తేదీ చెప్పండి, ఆ లోపు డబ్బు పంపినవాళ్లకే టికెట్. ఎవరైనా ఆగిపోతే టికెట్ డబ్బు తిరిగి రాదని గ్రూపులో ముందే రాసి పెట్టండి. గదులు మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి, అప్పుడు ఎనిమిది మంది ఆరుగురైనా మిగతావాళ్ల వాటా పెరగదు.

టికెట్లు వెతికేటప్పుడు ఒక కిటుకు. ఎనిమిది మందికి ఒకేసారి వెతికితే ఎనిమిది సీట్లూ ఒకే ధరలో ఉన్న తరగతినే చూపిస్తారు. చవక ధరలో మూడు సీట్లే మిగిలి ఉంటే అవి మీకు కనిపించవు. ఇద్దరికి, ముగ్గురికి విడిగా కూడా వెతికి చూడండి. చవక విమానాల్లో చాలావాటికి చేతి సంచి 7 కిలోలే, పెద్ద పెట్టెకి విడిగా కట్టాలి. అదీ లెక్కలో వేసుకోండి. పేర్లు ఎవరినీ నోటితో అడగొద్దు, పాస్‌పోర్టు ఫొటో తెప్పించుకుని చూసి కొట్టండి. మనవాళ్లలో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. అలాంటివాళ్ల పేరు ఎలా రాయాలో టికెట్ కొనకముందే ఆ విమాన సంస్థని అడగండి. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైగా ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి. వీసా అవసరమా లేదా అన్నది ఎంబసీ సైటులోనే చూడండి. ఆ నిబంధనలు తరచూ మారుతున్నాయి.

డిసెంబర్ 20 నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ గదుల ధరలు మండిపోతాయి. నెల మొదట్లో వెళ్లగలిగితే మీ డబ్బుకి అదే పెద్ద మేలు. అప్పటికి క్రాబీ వైపు వానలు తగ్గి ఉంటాయి. కో సముయ్ దీవి వైపు మాత్రం ఇంకా పడుతుంటాయి.

అక్కడికి వెళ్లాక గొడవలు తిండి, మందు దగ్గర వస్తాయి. మేం రోజూ పొద్దున తలా ఇంత అని బాట్లు (అక్కడి డబ్బు) ఒక సంచిలో వేసేవాళ్లం. టాక్సీ, పడవ, టిఫిన్ అందులోంచే. మందు, మసాజ్, షాపింగ్ ఎవరిది వాళ్లదే. తాగనివాళ్ల డబ్బుతో బీరు కొనడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఏటీఎంలో మన కార్డు పెట్టిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు సుమారు 220 బాట్లు కోస్తుంది, కాబట్టి కొద్దికొద్దిగా తీయకండి. కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా, బాట్లలోనా అని అడిగితే బాట్లే అనండి. ఎనిమిది మంది కావడం ఒక చోట కలిసొస్తుంది: క్రాబీలో ఆవ్ నాంగ్ నుంచి రైలే బీచ్‌కి వెళ్లే పడవలు దాదాపు అంతమంది ఎక్కితే గాని కదలవు, మీరు ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

"నువ్వే చూడు" అనేవాళ్లకి తలా ఒక పని ఇచ్చేయండి. ఒకరికి ఇన్సూరెన్స్, ఒకరికి సిమ్‌లు, ఒకరికి రోజువారీ లెక్క. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైట్ల జోలికి పోవద్దు. అది మాత్రం ఎవరిది వాళ్లనే నింపుకోమనండి.

ఈ వారమే ఫోన్లు మొదలుపెట్టండి. అందరి అంకెలూ వచ్చాక 60 కంటే బాగా తక్కువ తేలితే ఇక్కడే రాయండి. క్రాబీ తీసేసి బ్యాంకాక్, అక్కడి నుంచి రైల్లో వెళ్లిరాగల కాంచనబురితో ఎలా సరిపెట్టవచ్చో చెప్తాను.