సమాధానం: ‘చాలా బాగుంది’ తర్వాత ఏం రాయాలి?

గురజాడ నాటకం కన్యాశుల్కం చదివాక ‘చాలా బాగుంది’ తప్ప మన పుస్తకాల గ్రూపులో ఇంకేం రాయాలో తోచడం లేదన్నారు కదండీ. నాటకం మొత్తం గురించి చెప్పాలనుకోకండి, టెన్షన్ అక్కడే మొదలవుతుంది. చదువుతూ మీరు ఆగిన ఒక్క చోటు పట్టుకోండి.

మొదటి అంకంలో, డబ్బుకి భోజనాలు పెట్టే పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వేశ్య మధురవాణి ఇంటికొస్తుంది. మధురవాణి కోసం వచ్చిన గిరీశం, రామప్పంతులు ఇద్దరూ మంచం కింద దాక్కుంటారు. గిరీశానికి పడాల్సిన దెబ్బ పంతులికి పడుతుంది. అక్కడ మీకు నవ్వొచ్చిందా, పూటకూళ్ళమ్మ మీద జాలేసిందా? నాకైతే జాలే. సామాన్లకని ఆమె ఇచ్చిన డబ్బే కదా గిరీశం తినేసింది! ఇలా నాలుగు వాక్యాలు రాయండి, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు.

పేజీ నంబరు బదులు అంకం వేయండి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ప్రచురణ ఉంటుంది. చివరి అంకం గురించైతే ఆ మాట ముందే చెప్పండి, ఇంకా చదువుతున్నవాళ్ళు అక్కడే ఆగుతారు.