ముందు అమ్మని ఆ అబద్ధంలోంచి బయటికి తీసుకురా

"మేడమ్, నా వయసు 28. కూర్మన్నపాలెంలో ఉంటాం, నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. నేను రుషికొండ ఐటీ కంపెనీలో చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం డేటింగ్ యాప్‌లో ఒకబ్బాయి పరిచయమయ్యాడు. వాళ్ళు ఒడియా వాళ్ళు, మాలాగే హిందువులే, వాళ్ళ నాన్న రైల్వే. చిన్నప్పట్నుంచీ దొండపర్తి వైపు క్వార్టర్స్‌లోనే పెరిగాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. అమ్మకి ఏడాదిన్నరగా తెలుసు, ఆఫీసులో పరిచయం అని చెప్పాను, యాప్ అంటే తట్టుకోలేదని. తనే మమ్మల్ని కాపాడుతోంది. నేను లేటైతే షిఫ్ట్ మారిందని నాన్నకి చెప్తుంది. నాన్న హాల్లో మెలకువగా ఉంటే బాల్కనీ లైటు ఆర్పేస్తుంది, అది చూసి అతను నన్ను సందు చివరే దింపేసి వెళ్ళిపోతాడు, మేం నవ్వుకుంటాం. ఈలోగా నాన్న అనకాపల్లి సంబంధం ఒకటి మాట్లాడారు, వచ్చే నెల పెళ్ళిచూపులు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌లో చేసుకుంటే నెల్రోజులు నోటీసు పెడతారట, ఇంట్లో తెలిసిపోతుందా? పెళ్ళిచూపుల్లో ఫార్మాలిటీకి కూర్చుని తర్వాత నచ్చలేదంటే సరిపోతుందా? భాష, ఆచారాలు వేరు కదా, ముందు ముందు ఇబ్బందవుతుందా?"

ఉత్తరం చాలా పెద్దది, నేను కుదించాను, పేరు వద్దంది కాబట్టి వెయ్యట్లేదు.

తల్లీ, నీ మూడు ప్రశ్నలకీ జవాబులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నేను నీతో మాట్లాడాలనుకుంటున్నది వేరే విషయం. ఇద్దరూ హిందువులే అన్నావు, అలాంటప్పుడు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ దాకా వెళ్ళాల్సిన పనే లేదు, కులం వేరైనా భాష వేరైనా 1955 హిందూ వివాహ చట్టం కిందే పెళ్ళి చేసుకుని తర్వాత రిజిస్టర్ చేయించుకోవచ్చు, దానికి 30 రోజుల నోటీసు గొడవ లేదు. కాకపోతే పెళ్ళి తంతు నిజంగా జరగాలి, తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుంటే ఆ చట్టం కింద అది పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ అంటే 1954 నాటిది, అందులో నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు, గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా మీ నాన్నని ఎరిగినవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకంటే నీకే బాగా తెలుసు. ఇక ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకుంటే ఇంట్లోవాళ్ళ ఒప్పుదల, కులపెద్దల ఒప్పుదల అక్కర్లేదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. చట్టం వైపు నుంచి నీకు ఏ అడ్డూ లేదు.

పెళ్ళిచూపుల్లో కూర్చోవద్దు. ఫార్మాలిటీ ఏంటమ్మా? ఎవరో అబ్బాయి కొత్త చొక్కా వేసుకుని తల్లిదండ్రుల్ని, మేనత్తని వెంటేసుకుని అనకాపల్లి నుంచి ఆశగా వస్తాడు, వాళ్ళకి ఒక మర్యాద ఉండదా?

భాష, ఆచారాల గురించి కూడా నువ్వు పెట్టుకున్న భయం పెద్దది కాదు. ఇచ్ఛాపురం దాటితే ఎవరు తెలుగో ఎవరు ఒడియానో వాళ్ళకే తేడా తెలీదు, బరంపురంలో మనవాళ్ళు ఎంతమంది లేరు. సింహాచలం గుడి శాసనాల్లో కనపడే గంగరాజులు, కోణార్క కట్టించిన గంగరాజులు ఒక్క వంశంవాళ్ళే, ఇప్పటికీ చందనోత్సవానికి ఒడిశా నుంచి జనం వస్తూనే ఉంటారు. మీ అమ్మ మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తెల్లారకుండా వెళ్ళి క్యూలో నిలబడుతుందని రాశావు, ఒడియా ఇళ్ళల్లో కూడా మార్గశిర గురువారాలు ఆడవాళ్ళు బియ్యప్పిండితో ముగ్గులేసి, లక్ష్మి పాదాలు గీసి, ధాన్యం కొలిచే మాణం పెట్టి పూజ చేస్తారు, మాణబసా గురుబార అంటారు దాన్ని. అతని తల్లి కూడా చేస్తూ ఉంటుంది, అడిగి చూడు. ఆ ఇద్దరాడవాళ్ళు ఒక్క పూట కలిసి కూర్చుంటే మాట్లాడుకోవడానికి బోలెడు ఉంది. వాళ్ళకి ఆ పూట రానివ్వకుండా చేస్తున్నది భాష కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో ఆ అబ్బాయి గురించి రెండు పేజీలున్నాయి, నాన్న గురించి ఒక పేజీ, అమ్మ గురించి అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం. నేను ఆ వాక్యాలే మళ్ళీ మళ్ళీ చదివాను. "అమ్మకి ఈమధ్య బీపీ మాత్ర డోసు పెంచారు." "నాన్న ఫోన్ మోగితే అమ్మ ఉలిక్కిపడుతోంది, పాపం." "అమ్మ పదకొండేళ్ళుగా మావయ్య ఇంటికి వెళ్ళలేదు." ఇవి నువ్వే రాశావు, రాసేసి మళ్ళీ నోటీసు గురించి అడగడానికి వెళ్ళిపోయావు.

బాల్కనీ లైటు సంగతి నువ్వు సరదాగా రాశావు కానీ నాకు నవ్వు రాలేదమ్మా. యాభైయేళ్ళు దాటిన మనిషి, ఇంట్లో భర్త టీవీ ముందు కూర్చుని ఉంటే, బట్టలు తీసే వంకతో బాల్కనీలోకి వెళ్ళి చీకట్లో స్విచ్ నొక్కి, కింద బండి చప్పుడు వినపడేదాకా నిలబడి, నువ్వు మెట్లెక్కే లోపు మళ్ళీ లోపలికొచ్చి ఏమీ ఎరగనట్టు అన్నం పెడుతోంది. ఏడాదిన్నరగా. నువ్వు బీచ్ రోడ్డు గాలి పీల్చి వచ్చి పడుకుంటున్నావు, ఆవిడ పడుకోవట్లేదు.

మీ మావయ్య క్రిస్టియన్ అమ్మాయిని చేసుకున్నాడని మీ నాన్న ఆ పెళ్ళికి వెళ్ళలేదు, అమ్మని వెళ్ళనివ్వలేదు, అక్కడితో మీ అమ్మకి పుట్టిల్లు పోయింది. నీకు అదొక పాత కథ, అందుకే ఒక్క వాక్యంలో రాసేశావు. ఆవిడకి అది ఇప్పటికీ జరుగుతున్న విషయం. రాఖీకి లేదు, సంక్రాంతికి లేదు, తమ్ముడి పిల్లలు ఎలా ఉంటారో ఫోన్‌లో ఫోటోలు చూసుకోవడమే, అదీ మీ నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు. ప్రేమపెళ్ళి అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆవిడకి తెలిసినంత నీకు తెలీదు, తెలిసి కూడా నీ కోసం నిలబడింది. తమ్ముడి కోసం నోరు తెరవలేకపోయిన మనిషి కూతురి కోసం అబద్ధాలైనా ఆడుతోంది, ఆవిడకి చేతనైన ధైర్యం అదే. రేపు విషయం బయటపడితే మీ నాన్న కోపం మొట్టమొదట నీ మీద పడదు. "నీకు ముందే తెలుసు కదా, ఇన్నాళ్ళూ నన్ను వెధవని చేశావు" అని ఆవిడ మీద పడుతుంది. నువ్వు రిజిస్టర్ చేసుకుని అతనితో వెళ్ళిపోతావు, ఆవిడ ఆ ఇంట్లోనే ఆ మనిషితోనే ఆ మాటలతోనే ఉండాలి. నోటీసు పెడితే ఇంట్లో తెలిసిపోతుందా అని అడిగావు, అలా తెలిసిపోయిన రోజు అమ్మ ఏం చెయ్యాలి అని ఎక్కడా అడగలేదు.

ఇంకొకటి, నీ కోసం అబద్ధాలాడుతున్న ఆ అమ్మకి కూడా నువ్వు నిజం చెప్పలేదు, యాప్‌లో కలిశామని చెప్పకుండా ఆఫీసు అన్నావు. యాప్‌లో కలవడం తప్పని నేననను. మన వైజాగ్ ఏమన్నా ఒక్క ఊరా, నేవీ వాళ్ళు, రైల్వే వాళ్ళు, పోర్టు, స్టీల్‌ప్లాంట్ వాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు, మార్వాడీలు, దేశం అంతా ఇక్కడే ఉంది, పక్కపక్క వీధుల్లో ఉంటాం గానీ ఒకరింటికి ఒకరం వెళ్ళం, మరి పెళ్ళీడు పిల్లలు ఎక్కడ కలుస్తారు? మ్యాట్రిమోనీ సైట్ తెరిస్తే మొదట అడిగేవే మాతృభాష, కులం. యాప్ ఆ రెండూ అడగలేదు కాబట్టే మీరిద్దరూ కలిశారు. పబ్లిక్ ప్లేస్‌లో కలిశావు, ఉద్యోగం, ఇల్లు, స్నేహితులు అన్నీ కనుక్కున్నావు, ఆ మాత్రం జాగ్రత్త ఉంది, సంతోషం. నాకు కోపం వచ్చేది తర్వాత జరిగే తంతు మీద. టెన్నేటి పార్కు దగ్గరా, రుషికొండ దగ్గరా మధ్యాహ్నం మూడింటి ఎండలో ముఖానికి చున్నీ చుట్టుకుని కళ్ళు మాత్రమే కనపడేలా కూర్చునే పిల్లల్ని చూస్తూనే ఉంటాను, ఉద్యోగాలు చేసే పిల్లలే, జీతాలు తెచ్చే పిల్లలే. ఆ దాచడానికి కాపలా కాసేది ఎప్పుడూ ఇంట్లో ఒక ఆడమనిషే, అమ్మో అక్కో వదినో. దొరికినప్పుడు తిట్లు తినేది కూడా ఆవిడే. మగవాళ్ళు నాన్నైనా ప్రేమికుడైనా ఆ రోజుకి ఇంకా సీన్‌లోకే రారు.

నీ జీతంలో సగం ఇంటి లోనుకి కడుతున్నానని గర్వంగా రాశావు, గర్వపడాల్సిందే. ఇంటి లోను కట్టే మనిషివి నాన్న ఎదురుగా కూర్చుని ఒక్క నిజం చెప్పలేకపోవడం నీ గౌరవానికి తగదు. ఆయన ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వట్లేదు, మావయ్య విషయంలో చూపించిన మొండితనం చూస్తే ఒప్పుకోకపోవచ్చు కూడా. కానీ ఒప్పుకోకపోతే అది ఆయన తేల్చుకోవాల్సిన విషయం, చెప్పకపోవడం మాత్రం నీది. ఇప్పటిదాకా ఆయనకి కాదనే అవకాశం కూడా ఇవ్వకుండా ఇద్దరాడవాళ్ళూ కలిసి ఆయన్ని భయపడాల్సిన మనిషిగానే ఉంచేశారు. ఆయనా నిన్ను 28 ఏళ్ళు పెంచిన మనిషి, ఆ మాట నీ నోటితో వినే హక్కు ఆయనకుంది, ఊళ్ళోవాళ్ళ నోటితో కాదు.

కాబట్టి ఈ వారమే అమ్మకి అన్నీ చెప్పు, యాప్‌తో సహా. ఏడుస్తుంది, తిడుతుంది, పడు. తర్వాత చెప్పు, ఇకమీదట నా కోసం ఒక్క అబద్ధం ఆడొద్దని, లైటు ఆర్పొద్దని. లేటైతే నువ్వే నాన్నకి ఫోన్ చేసి లేటవుతుందని చెప్పు, ఎక్కడున్నావని అడిగితే ఉన్నచోటు చెప్పు. ఆ తర్వాత ఆదివారం పొద్దున్న, రాత్రి మాత్రం వద్దు, ఆయన పేపర్ చదివి టిఫిన్ చేశాక, అమ్మని వంటింట్లో దాక్కోనివ్వకుండా పక్కనే కూర్చోబెట్టుకుని నువ్వే చెప్పు. అతను ఎవరు, ఏం చేస్తాడు, ఎలా పరిచయం, ఎన్నాళ్ళు, అన్నీ. అమ్మకి తెలుసా అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. తెలుసు అని చెప్పు, దాచిపెట్టమన్నది నేనే, ఆవిడ చెప్పేద్దామన్నా నేనే ఆపాను, అనే మాటలేవో నన్నే అనండి అని చెప్పు. ఆ మాట నీ నోట్లోంచి మొట్టమొదట రావాలి, అమ్మ సంజాయిషీ ఇచ్చుకోవడం మొదలుపెట్టకముందే.

ఒక్క విషయం నీ ఉత్తరంలో నాకు స్పష్టంగా తెలియలేదు. మీ నాన్న అరిచే మనిషి, వారాల తరబడి మాట్లాడడం మానేసే మనిషి అని రాశావు. చెయ్యి చేసుకునే మనిషా? అలా అయితే నేను పైన చెప్పిన పద్ధతి వద్దు. ముందు మావయ్యకి ఫోన్ చేసి ఆ రోజుకి ఆయన్ని అందుబాటులో ఉండమను, అవసరమైతే అమ్మ నాలుగు రోజులు అక్కడికే వెళ్తుంది. 181కి ఫోన్ చేస్తే మహిళల హెల్ప్‌లైన్ వాళ్ళు ఏం చెయ్యాలో చెప్తారు. 2005 గృహహింస చట్టం ప్రకారం మీ అమ్మని ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టే హక్కు మీ నాన్నకి లేదు, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. ఈ సంగతి నీకూ అమ్మకీ ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

చెయ్యి చేసుకునే మనిషి కాదంటే మాత్రం అరుపులకి భయపడి ఇంకో నెల వాయిదా వెయ్యకు. ఆయన మాట్లాడడం మానేస్తే మానెయ్యనీ, నువ్వు మానకు, ఇల్లొదిలి హాస్టల్‌కి పోకు. ఆయన మౌనం అంతా అమ్మ ఒక్కతే మొయ్యకూడదు, నువ్వక్కడ ఉండాలి, పొద్దున్నే కాఫీ గ్లాసు నువ్వే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాలి, తాగినా తాగకపోయినా.

ఆ అబ్బాయి విషయం. "ముందు మీ ఇంట్లో చెప్పు, తర్వాత మా ఇంట్లో చెప్తాను" అన్నాడట, నువ్వు దాన్ని మామూలు మాటలాగే రాశావు. నాకు నచ్చలేదు. ముప్ఫయ్యేళ్ళవాడు, వాళ్ళమ్మ పూజ చేసుకుంటూ కొడుక్కి సంబంధాలు చూస్తూ ఉంటుంది, ఆవిడకీ ఏమీ తెలీదు. నువ్వు మీ నాన్న ముందు కూర్చునే ఆదివారమే అతనూ వాళ్ళింట్లో కూర్చోవాలి, ముందు వెనకలు లేవు. అలా అని అతనికి చెప్పు, సరే అన్నాడా మంచిదే. ఏదో కారణం చెప్పి వెనక్కి జరిగితే మీ నాన్న దగ్గరికి వెళ్ళకముందే నాకు మళ్ళీ రాయి, అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది వేరే ఉంటుంది.