భుజం నొప్పి అనుకుంటున్నది పార్కిన్సన్స్ కావచ్చు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. అమలాపురం దగ్గర కొబ్బరి తోట చూసుకుంటారు. రెండేళ్ల క్రితం కుడి భుజం పట్టేస్తే ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ అయ్యాయి, తగ్గలేదు. షుగర్ లేదు. మెదడు ఎంఆర్‌ఐ నార్మల్‌గా వచ్చింది. ఈ మధ్య నడక నెమ్మదించింది, నడిచేటప్పుడు కుడి చేయి ఊగడం లేదు, వణుకు మాత్రం లేదు. గ్యాస్ మాత్ర తప్ప మందులేమీ వాడరు. భుజానికి ఆపరేషన్ చేయించమంటారా?

సమాధానం: ఆపరేషన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. చివర్లో మీరు రెండు ముక్కల్లో రాసిన నడక విషయమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. భుజం పట్టేసిన వైపే చేయి ఊగకపోవడం, దానికి తోడు నడక నెమ్మదించడం చూస్తే కదలికలను మందగింపజేసే మెదడు జబ్బు పార్కిన్సన్స్ ఉందేమో తప్పనిసరిగా పరీక్షించాలి. రోగిని చూడకుండా అదేనని నేను చెప్పలేను. అయితే వణుకు లేదు కదా, ఎంఆర్‌ఐ బాగుంది కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. కొందరికి మొదట్లో వణుకు ఉండదు, మామూలు ఎంఆర్‌ఐ ఇతర కారణాలేవీ లేవని చూసుకోవడానికే ఎక్కువగా పనికొస్తుంది. జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన ఈ వ్యాధిని నేటికీ ప్రధానంగా రోగి చెప్పేది విని, నడిపించి చూసే నిర్ధారిస్తాం. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసరడం వంటివి ఏళ్ల ముందే మొదలై ఉండవచ్చు కనుక ఇంట్లో వారిని అడగండి. చేతిరాత చిన్నదైపోవడం కూడా ఒక లక్షణమే కాబట్టి తోట లెక్కల పాత పుస్తకాన్ని ఇప్పటి దానితో పోల్చి చూడండి.

ఇక ఆ గ్యాస్ మాత్ర పేరు మీరు రాయలేదు. చాలామంది దాన్ని మందుగానే లెక్కించరు. పాంటొప్రజోల్, రాబెప్రజోల్‌లతో లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూళ్లు ఉన్నాయి. ఆ లెవోసల్పిరైడ్ మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలనే తెప్పించగలదు, లోపల దాగి ఉన్న అసలు వ్యాధిని బయట పెట్టనూ గలదు. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి మింగే సిన్నరిజైన్, ఫ్లూనరిజైన్‌లతోనూ ఇదే చిక్కు. కారణం మందే అయితే, వైద్యుల సలహాతో ఆపాక చాలామందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుముఖం పడుతుంది. ఎప్పుడో రాసిన చీటీ చూపించి ఏళ్ల తరబడి మందుల షాపులో తెచ్చుకోవడం మన కోనసీమలో మామూలైపోయింది. ఈ విషయంలో పెద్దాయన కన్నా తెచ్చిపెడుతున్న మిమ్మల్నే మందలించాలి.

త్వరగా గుర్తిస్తే పార్కిన్సన్స్ ఆగిపోతుందని నేను అనను, దానిని ఆపే మందు ఇంకా లేదు. కానీ లెవోడోపా వంటి మందులతో కదలికలు మెరుగుపడతాయి, అక్కరలేని ఇంజెక్షన్లు తప్పుతాయి. ఎవరో చెప్పారని దూలగొండి చూర్ణం మొదలుపెట్టకండి. అందులోనూ లెవోడోపా ఉంటుంది, మోతాదు మన చేతిలో ఉండదు.

కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో న్యూరాలజిస్టుకు ఈ నెలలోనే చూపించండి. ఏడాదిగా వాడిన మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఈలోగా తూలిపడినా, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు.