టాబ్లెట్లు ఆపగానే చిగుళ్ళ నుంచి మళ్ళీ రక్తం ఎందుకొస్తుంది?

మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ గోళీలు వాడినన్ని రోజులు బాగుండి, ఆపగానే బ్రష్‌కు మళ్ళీ రక్తం అంటుతోందని, ఆ క్రిములు మందుకు లొంగడం లేదా అని అడిగారు. చాలామందిలో సంగతి అది కాదు. అవి దాక్కున్న చోటే అసలు సమస్య.

నేను నల్గొండలో మైక్రోబయాలజీ చదివాను కాబట్టి ఇది కొంచెం ఇష్టంగానే చెబుతా. చిగుళ్ళ జబ్బులో ముఖ్యమైన బాక్టీరియా పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్. గాలి సోకితే బతకలేదు, అందుకే పంటికీ చిగురుకీ మధ్య సందులోకి దిగుతుంది. దాని ఒంటినిండా సన్నటి నూగు ఉంటుంది. దాంతో చిగురు కణం మీది ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటే, కణమే ఆ క్రిమిని లోపలికి లాక్కుంటుంది. లోపలికి పోయాక కణాన్ని చంపదు, పైగా తొందరగా చావనివ్వదు. తెల్ల రక్తకణాలను పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేతాన్ని అణిచేస్తుంది. దొంగ ఇంట్లోనే దాక్కుని కుక్కకు అన్నం పెట్టి అరవకుండా చేసినట్టన్నమాట. బయట ఉన్నవి జింజిపెయిన్లనే ఎంజైములతో ప్రొటీన్లను కోస్తూ, రక్తం నుంచి ఇనుము లాక్కుంటాయి. అంటే మీ చిగురు నుంచి రక్తం కారడమే దానికి తిండి. ఇక ఎముక కరగడంలో ఎక్కువ భాగం మన ఒంటి వాపు చేసే పనే.

మా నాయనదీ మీలాగే. దేవరకొండలో మెడికల్ షాపు గోళీలతోనే చాలాకాలం నెట్టుకొచ్చాడు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని ఎవరో చెప్పారట! చివరికి తీసుకెళ్తే, డాక్టరమ్మ నల్ల గీతలున్న సన్నటి పరికరాన్ని చిగురు సందులోకి దించి ‘ఆరు, ఐదు, ఆరు’ అంటుంటే పక్కన అమ్మాయి రాసుకుంది. అవి సందు లోతు మిల్లీమీటర్లు. 3 దాకా మామూలే. చిగురు కింద గట్టిపడిన గార నల్లగా పెళ్ళలు పెళ్ళలుగా వచ్చింది. ఆ గార, పాచి ఉన్నన్నాళ్ళూ మందు లోపలికి సరిగ్గా అందదు. క్లీనింగ్ తర్వాత కొన్నాళ్ళు చల్లనీళ్ళకు పళ్ళు జివ్వుమన్నాయి, రక్తం మాత్రం ఆగింది.

మన జిల్లాలో పళ్ళకు ఏమైనా ఫ్లోరైడ్ నీళ్ళ మీదికి తోసేస్తాం. ఫ్లోరైడ్ మచ్చ చిన్నప్పుడే పంటి పైపొరలో ఏర్పడేది. చిగుళ్ళ జబ్బు వేరు. బీడీ తాగేవాళ్ళలో రక్తం తక్కువ కనబడి జబ్బు దాగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. చూపించుకోకపోతే మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ (HbA1c) ఒకటి చేయించండి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు సరిగ్గా మానవు, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. పళ్ళ డాక్టర్ దగ్గర సందుల లోతు కొలిపించుకుని, ఆ అంకెలు ఇక్కడ పెట్టండి.