మ్యాపు ఇంట్లో పెట్టి పో, అల్లుడూ

అల్లుడూ,

తలకోన పక్క ఊళ్లకు టూరిజం ప్లాన్ రాసే పని నీకు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం. ల్యాప్‌టాప్‌లో మ్యాపు అప్పుడే రెడీ అయిందని కూడా చెప్పింది, నా టెన్షన్ అక్కడే.

గీసేసిన మ్యాపు చూపించి మీరేమంటారు అని అడిగితే జనం తలూపి ఇంటికి పోతారు. నేనూ ఆ పని చేసినవాణ్ణే. చెనక్కాయలు పీకే రోజుల్లో పొద్దున 11 గంటలకు మీటింగు పెట్టాం. వచ్చింది ఏడుగురు, అందులో ఇద్దరు టీ కోసం. సంతకాలు పెట్టించుకుని ఊరంతా ఒప్పుకుందని రాసేసుకున్నాం. తీరా పార్కింగుకు రాళ్లు పాతుతుంటే ఒక ముసలామె మేకల్ని తోలుకొచ్చి అక్కడే నిలబడిపోయింది. మా కాగితంలో ఖాళీ స్థలం, ఆమెకేమో వాళ్ల అవ్వ కాలం నుంచి మేకలు చెరువుకు దిగే దారి. తిట్టలేదు, కర్రతో మట్టిలో గీత గీసి చూపించింది. పాతిన రాళ్లు మేమే పీకించాం.

అందుకే ముందురోజు దండోరా వేయించి, జనం అన్నాలు తిన్నాక రాత్రిపూట పో. గుడి అరుగు మీద మగవాళ్లతో మాట్లాడి వచ్చేస్తే సగం ఊరే విన్నట్టు. బోరింగు దగ్గర ఆడవాళ్లను అడుగు, ఎండాకాలం బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో; ఆదివారం కార్లలో దిగే జనానికి పోయేదీ ఆ నీళ్లే కదా. యానాదుల ఇళ్లకు విడిగా పో, పెద్ద సభలో వెనక కూర్చుని నోరు విప్పరు. తేనె లాంటి అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు 2006 అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది, నీ ట్రెక్కింగ్ దారి సరిగ్గా తేనెపట్టు కిందే పోతే ఎట్లా? ఇక తలకోన అడవి 1989లో ప్రకటించిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోది, ఫారెస్టు వాళ్లను మొదటిరోజే కూర్చోబెట్టు.

డబ్బు మాట నాన్చొద్దు. టికెట్టులో ఊరికెంత, ఎవరి ఖాతాలో పడుతుంది, పంచాయతీ గోడ మీద రాయించు. సంగటి, నాటుకోడి పులుసు వండేది ఊరి ఆడవాళ్లయి, గల్లాపెట్టె దగ్గర బయటి కాంట్రాక్టరు కూర్చుంటే ఆ ప్లాన్ చించెయ్.

వీలైతే నేలపట్టు పక్షుల కేంద్రం చూసి రా. గూడబాతుల (పెలికాన్ల) రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులకు ఎప్పటినుంచో తెలుసు, పక్షుల్ని కాపాడమని వాళ్లకు ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. నీ ఊళ్లోనూ అట్లాంటిదేదో ఉంటుంది, వెతుకు.

పోయేటప్పుడు ఖాళీ చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు పట్టుకుపో. గీసేది వాళ్లను గీయనీ. తిరిగొచ్చేటప్పుడు ఇటు రా, మీ అత్త సంగటి కెలుకుతానంటోంది.

మీ మామ