పాఠకుల ప్రశ్నలు: జర్మనీలో చదువు, పని, సప్లీలు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. జర్మనీలో ఆస్‌బిల్డుంగ్ అని ఒకటుందనీ, చదువుతూనే జీతం వస్తుందనీ, ఆరు లక్షలిస్తే మూడు నెలల్లో పంపిస్తామనీ ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. నమ్మొచ్చా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: జీతం మాట నిజమే. మూడు నెలల మాట మాత్రం నమ్మకండి.

ఆస్‌బిల్డుంగ్ అంటే కాలేజీ సీటు కాదు, కంపెనీతో రాసుకునే శిక్షణ ఒప్పందం. మామూలుగా వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి బడిలో పాఠాలు. కొన్నిచోట్ల బడి వారాలన్నీ ఒకేసారి పెడతారు. వృత్తిని బట్టి రెండు నుంచి మూడున్నర ఏళ్లు పడుతుంది. మెకట్రానిక్స్, ఎలక్ట్రీషియన్, హోటల్, బేకరీ, రైల్వే ఇలా మూడు వందలకు పైగా వృత్తులున్నాయి. 2025లో మొదలైన శిక్షణకు చట్టం చెప్పిన కనీస భత్యం మొదటి ఏడాది నెలకు 682 యూరోలు, రెండో ఏడాది 805, మూడో ఏడాది 921. ఇందులోంచే బీమా కోతలు పోతాయి. పెద్ద నగరంలో గది అద్దెకే సగం పైగా పోతుంది కాబట్టి, భత్యం చాలకపోతే తక్కువైన మొత్తాన్ని వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి. వారానికి 20 గంటల వరకు బయట పని చేసుకోవచ్చు గానీ, ఎనిమిది గంటల షిఫ్టు దిగాక ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది?

అసలు ఖర్చు భాష. వీసాకి మామూలుగా జర్మన్‌లో బీ1 (మధ్యస్థం, దాని పై మెట్టు బీ2) స్థాయి అడుగుతారు. అక్కడే ఉంటున్న వలసదారుల్ని ఆ స్థాయికి తేవడానికి జర్మనీ ప్రభుత్వం 45 నిమిషాల పీరియడ్లు 600 కేటాయిస్తుంది. రోజుకు రెండు పీరియడ్లు చదివితే సెలవు లేకుండా పది నెలలు. గోథే అనే జర్మన్ భాషా సంస్థ పెట్టే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ విడివిడిగా 60 రావాలి. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. మనవాళ్లకు ఎక్కువగా పోయేది వినడం, మాట్లాడడం. సర్టిఫికెట్ వచ్చినా బడిలో కష్టమే. కరెంటు పాఠం, యాసలో మాట్లాడే మేస్త్రీ, రెండూ బీ1 పుస్తకంలో ఉండవు. బీ2 దాకా చదివి వెళ్లమనే మా సలహా.

మొదటి ఒకటి నుంచి నాలుగు నెలలు ప్రొబేషన్. అప్పుడు కంపెనీ గానీ మీవాడు గానీ కారణం చెప్పకుండా ఒప్పందం తెంచుకోవచ్చు. మీవాడి తప్పు లేకుండా శిక్షణ ఆగిపోతే ఇంకోచోట వెతుక్కోవడానికి ఆరు నెలల దాకా గడువిస్తారు. ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఏ రోజు ఏ పని నేర్చుకున్నదీ రాసే శిక్షణ డైరీ ఒకటుంటుంది, బెరిష్ట్స్‌హెఫ్ట్ అంటారు. అది పూర్తిగా లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష తప్పితే ఇంకో రెండుసార్లు మాత్రమే రాయవచ్చు.

ఇక ఆరు లక్షలు. శిక్షణనిచ్చే కంపెనీ అభ్యర్థికి జీతం ఇస్తుంది, ఫీజు తీసుకోదు. ప్రభుత్వ వృత్తి బడి ఉచితం. కాబట్టి ఆ ఆరు లక్షలు దేనికో కాగితం మీద రాసివ్వమనండి. కంపెనీ పేరు, సంతకం చేసిన ఒప్పందం చేతికి రానిదే పైసా ఇవ్వకండి. ఆ ఒప్పందం ఆ ఊరి వాణిజ్య మండలిలోనో చేతివృత్తుల మండలిలోనో నమోదవుతుందా అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఆస్‌బిల్డుంగ్‌లో చేరమంటున్నారు. – తెనాలి

జవాబు: వద్దు. చేతిలో డిగ్రీ ఉండగా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి ఎందుకు? మీ డిగ్రీకి గుర్తింపు అడగండి. లోటున్న విషయాలకు అక్కడ అదనపు శిక్షణో పరీక్షో పెడతారు. దానికి సాధారణంగా బీ2 కావాలి.

ప్రశ్న: మా అమ్మాయికి బీటెక్‌లో 8 సీజీపీఏ. ఒకరు జర్మన్ గ్రేడు 2.0 అంటారు, ఇంకొకరు 2.2 అంటారు. ఏది నిజం? – నెల్లూరు

జవాబు: రెండూ కావచ్చు. మన మార్కుల్ని జర్మన్ గ్రేడుగా మార్చే లెక్కను బవేరియా సూత్రం అంటారు. అది ఇది: గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి. దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ మధ్య తేడాతో భాగించండి. మూడుతో గుణించి ఒకటి కలపండి. పాస్ మార్కు 4 అయితే 2ని 6తో భాగించాలి, జవాబు 2.0. పాస్ మార్కు 5 అయితే 2ని 5తో భాగించాలి, అప్పుడు 2.2. యూనివర్సిటీ కనీస పాస్ గ్రేడు ఎంతో మార్కుల మెమో వెనకాల చూడండి. అక్కడ లేకపోతే పరీక్షల విభాగం నుంచి లేఖ తీసుకోండి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్.

ప్రశ్న: మా చెల్లి ఎమ్మెస్‌కి వెళ్తోంది. ఇక్కడిలా సప్లీలు రాసుకోవచ్చా? – వరంగల్

జవాబు: ఎక్కడ లేని చిక్కంతా ఇక్కడే వస్తుంది. చాలా యూనివర్సిటీల్లో ఒక పేపరుకు మొత్తం మూడు అవకాశాలే ఉంటాయి. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ పోతే పేరు తీసేస్తారు. అదే కోర్సులో మరో జర్మన్ యూనివర్సిటీ కూడా సాధారణంగా చేర్చుకోదు, వీసా కూడా చిక్కులో పడుతుంది. అందుకే “రాస్తే పోయేదేముంది” అని చదవకుండా వెళ్లి కూర్చోకూడదు. కోర్సు పరీక్షా నిబంధనల పుస్తకం ఒకటుంటుంది, మొదటి వారంలోనే చదవమనండి.

చాలా సబ్జెక్టుల్లో ఇంటర్నల్స్ ఉండవు, మొత్తం మార్కులన్నీ ఒక్క పరీక్షవే. హాజరు పట్టరు, అదే మనవాళ్లను ముంచుతుంది. పరీక్షకు విడిగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, గడువు దాటితే రాయనివ్వరు. నమోదయ్యాక జ్వరమొస్తే డాక్టరు కాగితం వెంటనే అందించాలి, లేకపోతే తప్పినట్టే. పాసైన పేపరును మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మామూలుగా కుదరదు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చని చట్టం అంటుంది. పరీక్షల నెలల్లో ఆ అవకాశం వాడుకోకపోవడమే మంచిది.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాం. మా బాబు నాలుగో తరగతి. జిమ్నాజియుం (యూనివర్సిటీకి నేరుగా దారితీసే హైస్కూలు) రాకపోతే యూనివర్సిటీ ఆశ వదులుకోవాల్సిందేనా? టీచరేమో పిల్లాడు చురుగ్గా లేడంటోంది. – ఒక తల్లి

జవాబు: వదులుకోనక్కర్లేదు. మీరున్న బవేరియా రాష్ట్రంలో జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు 2.33 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే జిమ్నాజియుం. అది దాటితే రియాల్‌షూలె అనే మరో రకం బడిలో పదో తరగతి అయ్యాక ఫాఖ్‌ఓబర్‌షూలె అనే పై స్థాయి బడి మీదుగా ఉన్నత విద్యకు దారి ఉంది. ఆస్‌బిల్డుంగ్ (జీతంతో వృత్తి శిక్షణ) తర్వాత మైస్టర్ అనే నిపుణుల పరీక్ష పాసైనవాళ్లకు కూడా 2009 నుంచి యూనివర్సిటీ తలుపు తెరిచే ఉంది.

రెండో ప్రశ్నే ముఖ్యం. మన దగ్గర నోరు మూసుకుని వినేవాడు బుద్ధిమంతుడు. అక్కడ క్లాసులో చెయ్యెత్తి మాట్లాడడానికి మార్కులుంటాయి, పెద్ద క్లాసుల్లో కొన్ని సబ్జెక్టులకు రాతపరీక్షతో సమానంగా. టీచరు మాటకు అడ్డం చెప్పడం అక్కడ అమర్యాద కాదు, “ఎందుకు” అని అడగాలి. రోజుకు ఒక్కసారైనా చెయ్యెత్తాలని లెక్క పెట్టుకోమనండి. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి, మీ వచ్చీరాని జర్మన్ వాడికి నేర్పకండి. ఇంకోటి, మార్కుల కాగితంలో ఒకటి కనబడితే కోప్పడకండి, అదే మొదటి మార్కు. ఆరు చివరిది.

ప్రశ్న: టైంటేబుల్‌లో “10 సీ.టీ.” అని ఉంది, ఏమిటది? – కొత్తగా చేరిన విద్యార్థి

జవాబు: క్లాసు 10:15కి మొదలవుతుంది. “ఎస్.టీ.” అని ఉంటే సరిగ్గా పదికే. పాఠం అయ్యాక అందరూ బల్లల మీద పిడికిలితో కొడతారు. గొడవ కాదు, అది వాళ్ల చప్పట్లు.